కార్డు ఒకరిది, ఖర్చు పది మందిది: ఒక స్క్రూటినీ కేసు

హనుమకొండలో ఇన్‌కమ్ ట్యాక్స్ పని చేసుకునే వాడిని. జీతగాళ్ల రిటర్నులు మా ఆఫీసులో ఎక్కువ. వాటిలో చిక్కులు తక్కువ, ఫీజు కూడా తక్కువే. అలాంటి ఒక ఫైలు తొమ్మిది నెలలు నా టేబుల్ దిగలేదు. క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలను గుండ్రం చేశాను.

మనిషికి నలభై దాటాయి. సర్కారు ఉద్యోగం, సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. పన్నులు, కోతలు పోగా ఏడాదికి చేతికొచ్చేది 8 లక్షల 20 వేలు. మందు, సిగరెట్ లేవు. ఉన్న ఒక్క సరదా క్రెడిట్ కార్డు పాయింట్లు. పొద్దున వాకింగ్ చేసే పదిహేను, ఇరవై మంది దోస్తులు ఆదివారం టీ దగ్గర కూర్చుంటారు. ఏ కార్డు మీద ఎంత ఖర్చు పెడితే ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఉచితంగా కూర్చోనిస్తారు, ఏ పాయింట్లను ఏ ఎయిర్‌లైన్స్‌లోకి మారిస్తే లాభం, పండగ సేల్‌లో ఏ బ్యాంకు పది శాతం తగ్గిస్తోంది, ఇవీ వాళ్ల ముచ్చట్లు. ఒకాయన కుటుంబం మొత్తాన్నీ పాయింట్ల మీదే శ్రీనగర్ తిప్పుకొచ్చాడట. ఆ ఫొటోలు చూశాక మా క్లయింటుకు పిచ్చి పట్టింది. ఆ మాట ఆయనదే.

ఈ పిచ్చికి ఒక లెక్క ఉంటుంది. ఏడాదిలో 4 లక్షలో 8 లక్షలో ఖర్చు దాటితే కార్డులు పెద్ద బోనస్ ఇస్తాయి, వార్షిక ఫీజు కూడా మాఫీ చేస్తాయి. 8 లక్షల జీతం మీద నాలుగు కార్డుల గీతలు దాటడం కుదిరే పని కాదు. సొంత ఖర్చు చాలదు కాబట్టి ఊరివాళ్ల ఖర్చును తన కార్డు మీదుగా తిప్పాలి. దోస్తు ఫ్రిజ్ కొంటుంటే "నా కార్డు మీద తీస్కో అన్నా, డిస్కౌంట్ నీకు, పాయింట్లు నాకు" అనాలి. జగిత్యాల దిక్కు చుట్టాల్లో మస్కట్‌కో దుబాయికో పోయేవాళ్లుంటే శంషాబాద్ నుంచి టికెట్ తనే బుక్ చేయాలి. అందులో మోసమేమీ లేదు, ఇద్దరికీ లాభమే. 2022-23లో ఆయన చేసింది ఇదే.

చిన్న ఎస్సెమ్మెస్, పెద్ద తప్పు

కార్డు బిల్లుల కింద ఒక ఆర్థిక సంవత్సరంలో నగదు కాకుండా 10 లక్షలు, నగదుగా అయితే లక్ష, లేదా అంతకన్నా ఎక్కువ కట్టిన ప్రతి పాన్ వివరాన్నీ బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. అది మన ఏఐఎస్‌లో, అంటే మన పాన్ మీద శాఖకు చేరిన లావాదేవీల పట్టికలో, ఒక వరుసగా కనిపిస్తుంది. ఆయన రెండు బ్యాంకుల్లో ఈ గీత దాటాడు. ఒక దాంట్లో 12 లక్షల 60 వేలు, ఇంకో దాంట్లో 10 లక్షల 80 వేలు. జీతం కన్నా బిల్లులు దాదాపు మూడింతలు. ఏ కంప్యూటరు కంటైనా అది పడుతుంది.

ఇక్కడ నా తప్పు ముందు చెప్పాలి. 2023 జూలైలో ఆయన రిటర్న్ వేసింది నేనే. ఆ వరుస అప్పటికే ఏఐఎస్‌లో ఉంది. నేను జీతం, బ్యాంకు వడ్డీ, టీడీఎస్ చూసుకుని సబ్మిట్ కొట్టాను. జూలై చివరి వారంలో రోజుకు ముప్పై, నలభై రిటర్నులు వేస్తాం, కిందిదాకా జరిపి చూడలేదు. అప్పుడే అడిగి ఉంటే లెక్కలు తాజాగా ఉండేవి, దోస్తులూ దగ్గరే ఉండేవాళ్లు.

అక్టోబరులో ఆయనకు శాఖ నుంచి ఎస్సెమ్మెస్ వచ్చింది: మీ పాన్ మీద పెద్ద లావాదేవీలు ఉన్నాయి, పోర్టల్‌లో స్పందన తెలపండి అని. నా దగ్గరికి రాలేదు, ఆదివారం టీ దగ్గరికి పోయాడు. అక్కడ ఒకాయన, "నాకు కూడా వచ్చింది, సమాచారం నాది కాదని నొక్కిన, పోయింది" అన్నాడు. ఈయన కూడా అదే నొక్కాడు.

ఆ సలహా ఇచ్చినాయన అబద్ధం చెప్పలేదు. ఆయన విషయంలో ఎవరిదో ఎంట్రీ పొరపాటున ఆయన పాన్ మీద పడింది, కాబట్టి కాదనడం సరైన జవాబే. ఆ సంగతి మాత్రం టీ గ్లాసు పక్కనే ఉండిపోయింది, 'నొక్కు' అన్న మాట ఒక్కటే ఈయనతో ఇంటికొచ్చింది. ఈయన కార్డులు, ఈయన బిల్లులు, కట్టింది ఈయన ఖాతా నుంచే. కాదన్న జవాబు తిరిగి బ్యాంకుకు పోతే బ్యాంకు 'అవును, ఆయనవే' అంటుంది. అప్పటిదాకా పెద్ద ఖర్చు మాత్రమే ఉన్న చోట ఇప్పుడు ఒక తప్పుడు మాట కూడా చేరింది.

2024 జూన్‌లో 143(2) నోటీసు వచ్చింది, అంటే స్క్రూటినీ: రిటర్నును శాఖ వివరంగా తనిఖీ చేస్తుందన్నమాట. ఆగస్టులో ప్రశ్నల చిట్టా. అప్పుడు వచ్చాడు ఆఫీసుకు. కుర్చీలో కూర్చోకుండానే, "సార్, గవి నా పైసలు కావు సార్. మా దోస్తులయి" అన్నాడు.

మొదట ఏం చేశామంటే

ముందు మొత్తం బొమ్మ కావాలి. నోటీసులో రెండు బ్యాంకులే ఉన్నాయి, మిగతా రెండు కార్డులు 10 లక్షల లోపే కాబట్టి శాఖకు తెలియవు. వాటి గురించి చెప్పాలా వద్దా? ఆయన వద్దన్నాడు. నేను చెబుదామన్నాను. మంచితనంతో కాదు. బిల్లులన్నీ ఒకే సేవింగ్స్ ఖాతా నుంచి కట్టాడు, ఆ స్టేట్‌మెంట్ ఎలాగూ ఇవ్వాలి. అందులో ఆ రెండు కార్డుల చెల్లింపులూ కనిపిస్తాయి. దాచిన లెక్క టాలీ కాదు, టాలీ కాని చోటే తర్వాతి ప్రశ్న పుడుతుంది.

నాలుగు కార్డులు కలిపితే 27 లక్షల 40 వేలు. రెండు రాత్రులు కూర్చుని విడదీశాం. ఇంటి ఖర్చు 4.6 లక్షలు. దోస్తుల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఏసీలు 7.2 లక్షలు. విమాన టికెట్లు 6.1. రైలు, బస్సు టికెట్లు 0.9. వాలెట్‌లో వేసి మళ్లీ తన ఖాతాకే తెచ్చుకున్నవి 2.6. చివరిగా, ఆయన చెప్పడానికి కాసేపు నసిగిన ఒక అంకె: 'అద్దె' పేరుతో 6 లక్షలు.

సొంత ఇల్లున్న మనిషికి అద్దె ఏంటి? బావమరిది ఖాతాకు ఒక యాప్ ద్వారా నెలకు లక్ష చొప్పున ఆరు నెలలు కార్డు మీద అద్దె పంపాడు. యాప్ వాడికి ఒక శాతం పైన రుసుము. బావమరిది అదే రోజు సాయంత్రం వెనక్కి పంపేవాడు. పాయింట్ల కోసం డబ్బును గానుగెద్దులా తిప్పడమన్నమాట. ఈ చిట్కా కూడా టీ దగ్గరిదే. 2022 చివరికి బ్యాంకులు ఒక్కొక్కటిగా అద్దె చెల్లింపుల మీద రుసుము వేయడం, పాయింట్లు ఆపడం మొదలుపెట్టాయి, అప్పుడు ఆపేశాడు. మందుల షీటు మీద ఉన్నట్టు చిట్కాల మీద ఎక్స్‌పైరీ డేటు అచ్చేసి ఉండదు. ఆ అద్దె చూపి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్సు) మీద పన్ను మినహాయింపు కూడా అడిగి ఉంటే నేను ఈ కేసు వదిలేసేవాడిని. అడగలేదు.

మొదటి జవాబు నేను రాసిందే, పేలవంగా రాశాను. ఇవి మిత్రుల ఖర్చులు, వాళ్లు తిరిగి ఇచ్చారు అని ఒక పేజీ లెటర్, దాని వెనక బ్యాంకు స్టేట్‌మెంట్, నాలుగు కార్డుల పన్నెండు నెలల బిల్లులు. 200 పేజీలు దాటింది. ఇప్పుడు అసెస్‌మెంట్ ఫేస్‌లెస్ పద్ధతిలో జరుగుతుంది, అవతల కూర్చున్న ఆఫీసరు ఏ రాష్ట్రంలో ఉన్నారో మనకు తెలియదు, మన ముఖం వాళ్లు చూడరు. ఎదురుగా కూర్చుని "సార్, మన దిక్కు ఇట్లనే నడుస్తది" అని చెప్పుకునే రోజులు పోయాయి. కుప్ప పోసి ఏరుకోమంటే ఎవరూ ఏరుకోరు. మళ్లీ ప్రశ్న వచ్చింది: ఎవరెవరు, వాళ్ల పాన్ ఏమిటి, ఏ రోజు ఎంత, దేనికోసం?

ఈలోగా దోస్తుల సలహాలు ఆగలేదు. "గిఫ్టు అని రాయున్రి సార్" అన్నాడు ఒకాయన. బంధువులు కానివాళ్ల దగ్గర ఏడాదిలో వచ్చిన గిఫ్టులు 50 వేలు దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది. "చేబదులు అనున్రి" అన్నాడు ఇంకొకాయన. 20 వేలు, అంతకు మించి నగదు అప్పు తీసుకోకూడదు, తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ. ఉన్న మంట మీద కిరసనాయిలు పోసే సలహాలు రెండూ.

మూడు వారాలు తప్పు దారిలో

దోస్తులు తిరిగి ఇచ్చినదాంట్లో సుమారు 2 లక్షలు నగదు. గల్ఫ్ టికెట్ల డబ్బులు చాలావరకు ఊళ్లో తల్లిదండ్రులు చేతికిచ్చినవే. రుజువు లేనిది ఇదే కాబట్టి ఇదే గండం అనుకున్నాను. ఆయన్ని జగిత్యాల, మెట్‌పల్లి తిప్పి కాగితాల మీద సంతకాలు పెట్టించాను. ఒక ముసలాయన వేలిముద్ర వేస్తూ, "టికెట్ పైసలిచ్చినందుకు నాకు కూడా నోటీస్ వస్తదా బిడ్డా?" అని అడిగాడట. అది విన్నాక ఒక రాత్రి కూర్చుని ఆలోచించాను. అసలు ఈ నగదు ఎటు పోయింది?

బ్యాంకులోకి రాలేదు. కూరగాయలకు, కిరాణాకు, పెట్రోలుకు పోయింది. అందుకే ఏటీఎం విత్‌డ్రాలు ఆ ఏడాది దాదాపు లేవు. కార్డు బిల్లులన్నీ బ్యాంకు ఖాతా నుంచే కట్టాడు. కాబట్టి బిల్లులకు మూలం ఏమిటని అడిగితే, ఆ ఖాతాలోకి వచ్చిన జమలకు మూలం చూపితే చాలు. జీతం 8.2 లక్షలు, తిరిగి తిరిగి వచ్చిన అద్దె, వాలెట్ డబ్బు 8.6 లక్షలు, దోస్తుల యూపీఐ 12.2 లక్షలు. మొత్తం 29 లక్షలు. బిల్లులు 27.4 పోగా మిగిలిన 1.6లో పిల్లల ఫీజులు, కరెంటు బిల్లులు ఖాతా నుంచే పోయాయి. టాలీ. నేను ఖర్చు వైపు నుంచి వెతుకుతూ వచ్చాను, వెతకాల్సింది జమ వైపు నుంచి. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి మూడు వారాలు పట్టాల్సిన విషయం కాదు.

ఇక మిగిలిన పని 12.2 లక్షల యూపీఐ జమలు. ఒక్కో జమకు ఒక్కో వరుస, మొత్తం 312. తేదీ, పంపినవారి పేరు, మొత్తం, ఏ కార్డులో ఏ ఖర్చుకు సరిపోతుంది, ఆ ఖర్చు ఎవరిదనడానికి కాగితం ఏది. టికెట్లయితే సులువు, పీఎన్ఆర్ మీద ప్రయాణికుడి పేరు ఉంటుంది. అది మనం రాసుకున్న కాగితం కాదు కాబట్టి దాని బలం వేరు. ఫోన్లు, ఏసీల బిల్లులు మాత్రం క్లయింటు పేరు మీదే ఉన్నాయి. కాసేపు దిక్కు తోచలేదు. తర్వాత చూస్తే ఇన్‌వాయిస్ కింద డెలివరీ అడ్రసు దోస్తుది. ఒకటి నయీంనగర్, ఒకటి కరీంనగర్, ఒకటి హుజూరాబాద్. ఒక మనిషి ఒకే ఏడాది మూడు ఊళ్లలో మూడు ఏసీలు బిగించుకోడు.

యూపీఐలో రిమార్కు అని ఒక గడి ఉంటుంది. అందులో ఎవరూ పనికొచ్చే మాట రాయరు. వాషింగ్ మెషీన్‌కు 24 వేలు పంపిన దోస్తు 'చికెన్' అని రాశాడు. నవ్వు వచ్చింది, ఆఫీసరుకు రాకపోవచ్చు.

ఇంత చేసినా 2 లక్షల 10 వేల జమలు దేనితోనూ సరిపోలేదు. ఒక సాయంత్రం ఆయన భార్య, గుండ్రంగా చుట్టిన పాత గోడ క్యాలెండర్ చంకలో పెట్టుకుని వచ్చింది. "గిది పనికొస్తదా సార్? ఈయన యాదిలో ఏది ఉండదు, నేనే రాసి పెట్టిన" అంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, వాటి పక్కన చిన్న అక్షరాల్లో అప్పులు. ఒక ఏకాదశి గడిలో 'పక్కింటి సారు ఫ్రిజ్ 31500, 20 వచ్చినయ్' అని ఉంది. పది రోజుల తర్వాతి గడిలో 'సారు 11.5 ఐపోయింది'. నేను 31,500 జమ కోసం వెతుకుతున్నాను, అది రెండు ముక్కలుగా వచ్చింది. అలాంటివి ఇరవై దాకా దొరికాయి. క్యాలెండర్‌ను సాక్ష్యంగా పెట్టలేదు, ఇంట్లో రాసుకున్నది కాబట్టి దానికి పెద్ద విలువ ఉండదు. కానీ ఏ జమను ఏ బిల్లుతో కలిపి చూడాలో అదే చెప్పింది. మిగిలింది 41 వేలు.

ఆ 41 వేలు ఇద్దరు, ముగ్గురివి. పందొమ్మిది మందిని పాన్‌తో సహా ధ్రువీకరణ లేఖలు అడిగితే పదహారు మంది ఇచ్చారు. మిగిలినవాళ్లు "మాకెందుకీ లొల్లి" అని ఫోన్ ఎత్తడం మానేశారు. ఇంకో దోస్తు ముందుకొచ్చి, ఆ డబ్బు నాదేనని సంతకం పెడతానన్నాడు. వద్దన్నాను. క్లయింటుకు కోపం వచ్చింది, "41 వేలకు ఇంత పట్టింపేంది సార్" అన్నాడు. 312 వరుసల్లో ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా 311ని ఎవరు నమ్ముతారు? పైగా ఏఐఎస్‌లో ఒకసారి కాదన్న మనిషి ఈయన.

ఇంకో గాయం

రైలు టికెట్ల గురించి చెప్పేటప్పుడు ఒక మాట జారింది. కాజీపేట నుంచి తత్కాల్ టికెట్లు చుట్టుపక్కలవాళ్లకు బుక్ చేసి, టికెట్‌కు యాభై, వంద తీసుకునేవాడు. ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కు పదకొండుకు ఫోన్ పట్టుకుని కూర్చున్నందుకు కూలి అనుకున్నాడు. ఏడాదికి సుమారు 11 వేలు. సొంత ఐడీ మీద ఇంటివాళ్లకు, దోస్తులకు బుక్ చేస్తే తప్పు లేదు. పైసలు తీసుకుని చేస్తే అది రైల్వే చట్టం 143వ సెక్షన్ కిందికి వస్తుంది: మూడేళ్ల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. సర్కారు ఉద్యోగికి శాఖాపరమైన చర్య అదనం. పన్ను నోటీసు కన్నా నాకు దీనిమీదే ఎక్కువ టెన్షన్ పట్టింది. ఆ రోజే ఆపమన్నాను, నా ముందే మానేశాడు.

ఆ 11 వేలు ఆదాయమే. రిటర్న్ సవరించుకునే గడువు 2023 డిసెంబరుతోనే అయిపోయింది, కాబట్టి జవాబులోనే ఇతర ఆదాయంగా చూపాం. చూపాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. తెలిసీ వదిలేసిన ఆదాయం పక్కన పెట్టుకుని, నిజమే చెబుతున్నామని సంతకం పెట్టలేను.

2025 జనవరిలో షోకాజ్ వచ్చింది, మార్చిలో ఆర్డరు. ఏఐఎస్‌లో కాదన్నది ఎందుకో కూడా రెండు వాక్యాల్లో రాశాం: ఒకరి సలహా విని పొరపాటున నొక్కాను, ఆ చెల్లింపులు నావే అని. 23 లక్షలతో మొదలైన ప్రశ్న 52 వేల దగ్గర ఆగింది. 11 వేలకు మామూలు పన్ను. మూలం చూపని 41 వేలకు 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు. మొత్తం 78 శాతం, అంటే 31,980 రూపాయలు. వడ్డీ వేరు. అప్పీలుకు పోదామా అన్నాడు. ఆ 41 వేలకు కొత్త కాగితం ఏదైనా ఉంటే పోదాం, లేకపోతే కట్టేద్దాం అన్నాను. కట్టేశాడు.

ఆ ఏడాది పాయింట్ల మీద కుటుంబాన్ని శ్రీనగర్ తీసుకుపోయి వచ్చాడు. టికెట్ల విలువ సుమారు 46 వేలు. పన్ను, వడ్డీ, యాప్ రుసుము, నా ఫీజు కలిపితే దాన్ని దాటిపోయింది. ఆ లెక్క నేను చెప్పలేదు, ఆయనే వేసుకున్నాడు.

నా వైపు మారింది ఒకటే: ఇప్పుడు ప్రతి జీతగాడి ఏఐఎస్‌నూ కిందిదాకా చూస్తున్నాను, కార్డు వరుస కనిపిస్తే రిటర్న్ ఆపి ఫోన్ చేస్తున్నాను. జూలైలో కొందరు విసుక్కుంటారు.

ఆయన కార్డులు మానలేదు, మానమని నేనూ చెప్పలేదు. రెండు కార్డులు మూసేశాడు. దోస్తుల లావాదేవీలకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచాడు. డబ్బు ముందు అందులో పడాలి, రిమార్కులో వస్తువు పేరు రాయాలి, అప్పుడే బుకింగ్. అద్దె, వాలెట్ తిప్పుళ్లు బంద్. చేతికి నగదు ఇస్తే తీసుకోడు. 'చికెన్' దోస్తు అలిగాడట.

మొన్న ఒక ఆదివారం నన్ను టీకి పిలిచారు. ఈ కేసు చెబితే వెంటనే ఒక కుర్రాడు, "అంటే బ్యాంకుకు 9 లక్షల 90 వేల దగ్గర ఆపేస్తే అయిపాయె కదా సార్?" అన్నాడు. పది లక్షలన్నది బ్యాంకు శాఖకు చెప్పాల్సిన గీత, పన్నుకు గీత కాదని చెప్పాను. మూలం చూపలేని రూపాయి గీతకు ఇటున్నా అటున్నా ఒకటే. అతను తల ఊపాడు కానీ ఫోన్‌లో లెక్కపెడుతూనే ఉన్నాడు.

లేచి వస్తుంటే ఒక పెద్దాయన గేటు దాకా వెంట వచ్చాడు. అప్పట్లో 'నొక్కు' అని సలహా ఇచ్చింది ఈయనేనట. జేబులోంచి ఫోన్ తీసి ఎస్సెమ్మెస్ చూపించాడు. ఈసారి ఎంట్రీ ఆయనదే, కొడుకు పెళ్లి ఖర్చు.

"ఇంకా ఏం నొక్కలే సార్" అన్నాడు.